గ్రౌండ్ గట్టు మీద అడిగే ప్రశ్నలు: సిగరెట్, నికోటిన్, పరుగు

విజయవాడకీ గుంటూరుకీ మధ్య ఉన్న ఒక కాలేజీలో పిల్లల్ని ఆడించడం నా ఉద్యోగం. పి.డి. సార్ (ఫిజికల్ డైరెక్టర్) అంటారు. సాయంత్రం ఆట అయ్యాక గట్టు మీద కూర్చుంటే మోకాలి నొప్పితో మొదలైన మాట తిరిగి తిరిగి సిగరెట్ దగ్గరికి వస్తుంది. నేనూ పదకొండేళ్లు కాల్చి మానేసినవాణ్ణని వాళ్లకి ఎలాగో తెలిసిపోయింది. అందుకే క్లాసులో అడగనివి ఇక్కడ అడుగుతారు. పదే పదే వచ్చే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి. నేను డాక్టర్ని కాను. మందుల దాకా వస్తే డాక్టర్ దగ్గరికే పంపిస్తాను.

రోజుకు మూడో నాలుగో కాలుస్తాను సార్. దీన్ని కూడా వ్యసనం అంటారా?

ఎన్ని కాలుస్తావని నేను అడగను. పొద్దున లేచాక మొదటిది ఎంతసేపటికి వెలిగిస్తావని అడుగుతాను. రక్తంలో చేరిన నికోటిన్ దాదాపు రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. రాత్రి పదకొండింటికి చివరిది కాల్చి పడుకుంటే పొద్దున లేచేసరికి మిగిలేది నామమాత్రం. ఆ ఖాళీకి నీ ఒళ్లు ఎంత గొడవ చేస్తుందన్నదే అసలు కొలత. పళ్లు తోముకోకముందే హాస్టల్ మెట్ల కింద నిలబడి వెలిగించేవాడు రోజుకు నాలుగే కాల్చినా గట్టిగా ఇరుక్కున్నట్టే. శనివారం రాత్రి నలుగురితో కలిసి ఆరు కాల్చి, మళ్లీ వారం దాకా దాని ఊసే గుర్తురానివాడు ఇంకా అంచున ఉన్నాడు.

అంచున ఉన్నవాడికి కూడా ఒక లెక్క చెబుతాను. వేర్వేరు దేశాల సర్వేలు కలిపి చూస్తే, ఒక్క సిగరెట్ రుచి చూసినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఎప్పుడో ఒకప్పుడు రోజూ కాల్చేవాళ్లయ్యారు. "మూడే కదా" అన్న ఓదార్పు గుండె విషయంలో అస్సలు చెల్లదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, రోజుకు ఇరవై కాల్చేవాడికి గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, ఒక్కటే కాల్చేవాడికి అందులో దాదాపు సగం పెరుగుతుంది. ఇరవైలో ఒకటి కాలిస్తే ముప్పు కూడా ఇరవయ్యో వంతే ఉంటుందని మనం వేసుకునే లెక్క తప్పు.

డాక్టర్లు వాడే టెస్ట్ ఏదో ఉందట కదా?

ఉంది. ఫాగర్‌స్ట్రామ్ టెస్ట్ అంటారు. స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పేరు అది. 1978లో వచ్చిన ప్రశ్నావళిని సవరించి 1991లో ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. మొత్తం ఆరు ప్రశ్నలు, పది పాయింట్లు. కాగితం తీసుకుని ఇప్పుడే వేసుకో.

లేచాక 5 నిమిషాల్లోపే వెలిగిస్తే 3 పాయింట్లు, అరగంటలోపు అయితే 2, గంటలోపు అయితే 1, గంట దాటాక అయితే సున్నా. రోజుకు 10 లోపు అయితే సున్నా, 20 దాకా 1, 30 దాకా 2, అంతకు మించితే 3. మిగిలిన నాలుగు ప్రశ్నలకీ ఒక్కో పాయింటే. కాల్చకూడని చోట, అంటే బస్సులోనో సినిమా హాల్లోనో ఆపుకోవడం కష్టంగా ఉంటుందా? రోజులో ఏ సిగరెట్‌ను వదులుకోవడం అన్నిటికన్నా కష్టం, పొద్దున మొదటిదేనా? మిగతా రోజుకంటే లేచిన తొలి గంటల్లోనే ఎక్కువ కాలుస్తావా? జ్వరంతో మంచం పట్టినా కాలుస్తావా?

మొత్తం 2 లోపు వస్తే చాలా తక్కువ, 3, 4 తక్కువ, 5 మధ్యస్థం, 6, 7 ఎక్కువ, 8, ఆపైన వస్తే చాలా ఎక్కువ.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఈ టెస్ట్ రోజూ ప్యాకెట్ల లెక్కన కాల్చే పెద్దవాళ్లకి బాగా సరిపోతుంది. మన పిల్లలు చిల్లరగా కొనుక్కుంటారు, జేబులో డబ్బుల్ని బట్టి కాలుస్తారు, వార్డెన్‌ని బట్టి ఆపుతారు. వాళ్లకి సంఖ్య మీద పాయింట్లు రావు. స్కోరు 2 వచ్చిందని ఒకడు నాకు సంబరంగా చూపించాడు. "మరి నిన్న వానలో గొడుగు లేకుండా గేటు దాటి ఎక్కడికెళ్లావురా?" అంటే నవ్వేశాడు. ఆ వాన ప్రశ్న టెస్టులో లేదు. ఉండాల్సింది.

ఇంటికెళ్తే నాలుగు రోజులు ముట్టుకోను. అంటే నాకు వ్యసనం లేనట్టే కదా?

సంక్రాంతి తర్వాత ఈ ప్రశ్న కచ్చితంగా వస్తుంది. ఇంట్లో అమ్మ, నాన్న, తాతయ్య ఉంటారు; టీ బంకు ఉండదు, గ్యాంగ్ ఉండదు. సిగరెట్‌ను గుర్తుచేసేవి ఏవీ చుట్టూ లేకపోతే కోరిక కూడా చాలావరకు అణిగి ఉంటుంది. మరి పండిట్ నెహ్రూ బస్టాండులో బస్సు దిగగానే చెయ్యి ఎక్కడికి పోతుందో చూసుకో. అక్కడ తెలుస్తుంది.

అయితే ఈ నాలుగు రోజుల్ని నేను చాలా విలువైనవిగా చూస్తాను. మానేసినప్పుడు వచ్చే చిరాకు, నిద్రలేమి, మనసు నిలవకపోవడం మొదటి రెండు మూడు రోజుల్లోనే పతాక స్థాయికి చేరతాయి. తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా సర్దుకుంటాయి. నువ్వు ఇంట్లో ఉండగానే ఆ గడ్డు రోజులు గడిచిపోయాయి, అదీ అరిసెలు తింటూ. మళ్లీ బస్టాండులో మొదలుపెట్టి ఆ సంపాదనంతా పారబోస్తున్నావు. అందుకే మానాలనుకునేవాళ్లకి తేదీ నేనే చెబుతాను: ఇంటి నుంచి తిరుగు ప్రయాణమయ్యే రోజు.

కానీ సార్, కాలిస్తే టెన్షన్ తగ్గుతుంది. అది అబద్ధం కాదు కదా?

అబద్ధం కాదు. తగ్గుతుంది. ఏ టెన్షన్ తగ్గుతుందో చూడాలి.

పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. సూది మందు కంటే వేగం. అక్కడ కొన్ని గ్రాహకాలను, అంటే రసాయన సంకేతాలు అందుకునే చోట్లను తట్టి డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది, హాయిగా ఉంటుంది. రోజూ తడుతూ ఉంటే మెదడు ఆ గ్రాహకాల సంఖ్యను పెంచుకుంటుంది. పెరిగినవన్నీ మేత అడుగుతాయి. నికోటిన్ తగ్గిన ప్రతిసారీ చిరాకు, ఆందోళన, చదువు మీద ధ్యాస లేకపోవడం. అప్పుడు ఒకటి వెలిగిస్తే ఇవి తగ్గుతాయి. సిగరెట్ తెచ్చిన టెన్షన్‌ను సిగరెట్టే తీసింది. ఇందులో నీ బ్యాక్‌లాగ్ టెన్షన్ ఎక్కడుంది? అది అలాగే ఉంది.

బెజవాడ వాళ్లకి కాల్‌మనీ అనే అధిక వడ్డీ అప్పు గురించి విడమర్చి చెప్పక్కర్లేదు. అప్పిచ్చినవాడి వడ్డీ కట్టడానికి వాడి దగ్గరే మళ్లీ అప్పు తీసుకుని, "అవసరానికి ఆదుకున్నాడు పాపం" అనుకున్నట్టే ఇది కూడా.

మానేస్తే ఆందోళన పెరుగుతుందని చాలామంది భయం. మొదటి వారాల్లో పెరుగుతుంది, దాచను. ఆ తర్వాత సంగతి వేరు. 2014లో అదే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలో, కొనసాగించినవాళ్ల కంటే మానేసినవాళ్లలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి తగ్గినట్టు తేలింది.

సిగరెట్ తాగేటప్పుడు నిజంగా మేలు చేసేది ఒకటుంది. రూమ్ నుంచి బయటికి వస్తావు, ఐదు నిమిషాలు నిలబడతావు, లోతుగా ఊపిరి తీస్తావు, ఎవరో ఒకరితో మాట్లాడతావు. ఇవి నాలుగూ మంచి పనులే. సిగరెట్ లేకుండా కూడా చేసుకోవచ్చు.

నేను రోజూ ఆడతాను, జిమ్‌కి కూడా వెళ్తాను. రెండూ బ్యాలెన్స్ అయిపోతాయి కదా?

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. బాగా ఆడేవాళ్లే అడుగుతారు.

కావు. చెమటతో పొగ బయటికి పోదు. ఊపిరితిత్తుల్లో చేరిన తారు, రక్తనాళాల లోపలి పొరకు తగిలిన దెబ్బ పరిగెత్తితే చెరిగిపోవు. కాల్చేవాళ్లలో కదలకుండా కూర్చునేవాడి కంటే ఆడేవాడి పరిస్థితి మెరుగే. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆడి కాల్చేవాడు, ఆడి కాల్చనివాడు ఒకటి కారు.

మా దగ్గర కానిస్టేబుల్ సెలక్షన్లకని 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు ఉంటారు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. మొదటి రెండు రౌండ్లు అందరూ హీరోలే. మూడో రౌండ్ సగంలో కాల్చేవాడు ఎవడో ముఖం చూసి చెప్పేస్తాను. కారణం ఇది: పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. ఆటో సీట్లలో ఒక రౌడీ కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు. ఆటో తిరుగుతూనే ఉంటుంది, ఎక్కాల్సిన ప్యాసింజర్ మాత్రం ఎక్కలేడు. ఇంకోవైపు నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది, రక్తనాళాలను బిగిస్తుంది. ఇంజిన్ ఎక్కువ తిరుగుతోంది, పెట్రోలు తక్కువ అందుతోంది. కండ బలం తగ్గలేదు, కోచింగ్ తప్పు కాదు. గాలి చాలడం లేదు, అంతే.

ఇందులో ఒక మంచి వార్త కూడా ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంట్లోని కార్బన్ మోనాక్సైడ్ నాలుగైదు గంటలకు సగమవుతుంది. అంటే ఒకటి రెండు రోజులు కాల్చకపోతే దాదాపు కాల్చనివాడి స్థాయికి వచ్చేస్తుంది. ఊపిరితిత్తులు శుభ్రపడటానికి నెలలు పడతాయి కానీ, ఆ రౌడీ మాత్రం రెండు రోజుల్లోనే దిగిపోతాడు. సెలక్షన్ల ముందు వారం కూడా ఆపలేనివాడు తన మార్కులు తనే పోగొట్టుకుంటున్నాడు.

మానేశాక దగ్గు ఎక్కువైంది. ఇదేంటి సార్?

శ్వాసనాళాల్లో చీపుళ్లలాంటి సన్నని వెంట్రుకలు ఉంటాయి. పొగకి అవి మొద్దుబారిపోతాయి. మానేశాక మళ్లీ ఊడ్వడం మొదలుపెడతాయి, చెత్త బయటికి వస్తుంది. కొన్ని వారాలు ఉండొచ్చు, కానీ ప్రతి దగ్గూ దానివల్లే అనుకోకు. రక్తం పడినా, ఛాతీలో నొప్పి వచ్చినా, దగ్గు రెండు వారాలు దాటినా ఆలోచించకుండా ఆస్పత్రికి వెళ్లు.

పరిగెత్తితే సిగరెట్ మానేయొచ్చా?

వ్యాయామ మాస్టారుగా "అవును" అనాలని ఉంటుంది. కానీ నిజం అంత సూటిగా లేదు.

తట్టుకోలేనంత కోరిక సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాలు ఉండి తగ్గిపోతుంది. ఆ సమయంలో ఐదు పది నిమిషాలు వేగంగా నడిచినా కోరిక, చిరాకు రెండూ తగ్గుతాయని చాలా ప్రయోగాల్లో స్పష్టంగా కనిపించింది. నడక ఆపాక కూడా కాసేపు ఆ ప్రభావం ఉంటుంది. ఇది నేను కళ్లారా చూసింది, నా మీద నేనే వాడుకున్నది కూడా. కానీ వ్యాయామం ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు ఆరు నెలలు, ఏడాది తర్వాత కూడా మానేసే ఉన్నారా అని చూసిన సమీక్షల్లో గట్టి రుజువు దొరకలేదు.

కాబట్టి నడక, పరుగు ఆ ఐదు నిమిషాల గండం గట్టెక్కించే పడవలాంటివి. మిగతా ప్రయాణానికి తేదీ, మనుషులు, అవసరమైతే మందు కావాలి. "రేపటి నుంచి రన్నింగ్ మొదలెడతా, సిగరెట్ దానంతటదే పోతుంది" అన్నవాళ్లలో చాలామంది రెండు వారాల్లో రన్నింగ్ మానేశారు.

అయితే ఎంత చేయాలి? ఈ ఎండలో ఎక్కడ?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం. దాంతోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని. మధ్యస్థం అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. రెండు ముక్కలు మాట్లాడటానికే ఆయాసం వస్తే అది తీవ్రం.

ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. చురుగ్గా నడిస్తే ఒకవైపుకి పదమూడు, పద్నాలుగు నిమిషాలు. వెళ్లి వస్తే అరగంటకు కాస్త తక్కువ. వారానికి ఆరు రోజులు అలా నడిస్తే 150 నిమిషాలు పూర్తి, పైగా కృష్ణమ్మ గాలి ఉచితం. విజయవాడలో ఇందిరాగాంధీ స్టేడియం, గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియం దగ్గర పొద్దున్నే నడిచేవాళ్లు ఎలాగూ ఉంటారు, వాళ్లతో కలిసిపో. మంగళగిరి కొండ మెట్లు నాకు ఇష్టం. సగం మెట్లకే ఎవరి ఊపిరి సంగతి వాళ్లకి అర్థమైపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పొద్దున ఆరున్నర దాటాక నేను ఎవర్నీ పరిగెత్తించను. మన ఎండతో పంతాలు వద్దు.

ఇంకో చిన్న పని. మానే ముందు రోజు పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసుకుని గోడ మీద రాసుకో. వారం తర్వాత మళ్లీ చూసుకో. చాలామందికి అంకె కిందికి దిగుతుంది. నేను చెప్పే పది మాటల కంటే ఆ అంకెను వాళ్లు ఎక్కువ నమ్ముతారు.

టీ తాగకుండా ఉండలేను. టీ తాగితే సిగరెట్ గుర్తొస్తుంది.

టీ, సిగరెట్ మనవైపు జంట కవుల్లాంటివి. దీని వెనక ఒక చిత్రమైన సంగతి ఉంది. చాలామందికి తెలియదు. పొగలోని కొన్ని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ను మామూలు కంటే వేగంగా కరిగించేస్తుంది. అందుకే కాల్చేవాళ్లు ఎక్కువ టీ తాగినా తట్టుకుంటారు. సిగరెట్ మానేయగానే ఆ వేగం తగ్గుతుంది. అదే నాలుగు కప్పుల టీ ఇప్పుడు రక్తంలో దాదాపు రెట్టింపు కెఫీన్ నిలుపుతుంది. చేతులు వణకడం, గుండెదడ, రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టకపోవడం. వాడేమో "సిగరెట్ మానేస్తే నాకు పడట్లేదు సార్" అని మళ్లీ వెలిగిస్తాడు. తప్పు టీది.

మానేసిన రోజు నుంచే టీ సగానికి తగ్గించు. మొదటి రెండు వారాలు బంకు మార్చు, లేదా కూర్చునే బెంచీ అయినా మార్చు. మజ్జిగ, నిమ్మసోడా పట్టుకో. చేతిలో ఏదో ఒక గ్లాసు ఉండాలి, అంతే.

"మామా, ఒక్క దమ్ము" అంటే కాదనలేకపోతున్నా.

ఉపన్యాసం ఇవ్వకు. "మానేశాను" అంటే పందెం వేసినట్టు అందరూ నీ వెంట పడతారు. "సెలక్షన్స్ ఉన్నాయిరా, సార్ చంపేస్తాడు" అని నా పేరు చెప్పు. నాకేం నష్టం లేదు. గ్యాంగ్‌లో నీకు బాగా దగ్గరైన ఒక్కడికి మాత్రం నిజం చెప్పి, నీ ముందు ఆఫర్ చేయొద్దని అడుగు. ఇద్దరు కలిసి మానితే ఇంకా మంచిది. ఒకడు జారితే రెండోవాడూ జారే ప్రమాదం ఉంది కాబట్టి, ఎవరి తేదీ వాళ్లదే అని ముందే అనుకోండి.

వేప్ అయితే నయం కదా?

మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ 2019 చట్టంతో నిషేధం. అంటే నీకు దొరికేదంతా దొంగ సరుకే. అందులో నికోటిన్ ఎంతుందో పైన ఏం రాసినా నమ్మే దారి లేదు. హుక్కా కూడా ఇదే కోవలోది. నీళ్లలోంచి వచ్చినంత మాత్రాన పొగ వడపోత కాదు. గంటసేపు కూర్చుంటే లోపలికి వెళ్లే పొగ పరిమాణం ఒక సిగరెట్‌తో పోల్చలేనంత ఎక్కువ.

నేను అమ్మాయిని సార్. ఎవరినీ అడగలేను. నాకు వేరే ఏమైనా తెలియాలా?

ఈ ప్రశ్న గట్టు మీద రాలేదు, చీటీ మీద వచ్చింది. అబ్బాయి కాలిస్తే "చెడిపోయాడు" అని ఒక మాట అని వదిలేస్తారు. అమ్మాయి కాలిస్తే ఊరంతా తీర్పు చెబుతుంది. దాంతో వాళ్లు దాక్కుని, ఒంటరిగా, గబగబా కాలుస్తారు. సాయం అడగరు. నేను తీర్పు చెప్పను.

తెలుసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటి ఉందమ్మా. పీసీఓడీ అనే అండాశయ సమస్యకనో, నెలసరి సరిచేయడానికనో ఈస్ట్రోజన్ ఉన్న హార్మోన్ మాత్రలు రాస్తుంటారు. వాటికి సిగరెట్ తోడైతే రక్తం గడ్డకట్టే ప్రమాదం, గుండె ప్రమాదం పెరుగుతాయి. వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ. మాత్ర రాసే డాక్టరుకి కాలుస్తావన్న సంగతి చెప్పు. డాక్టరు ఆ మాట మీ ఇంట్లో చెప్పరు.

మానేస్తే లావైపోతానట?

కాస్త పెరుగుతారు. నికోటిన్ ఆకలిని చంపుతుంది, ఒంట్లో శక్తి ఖర్చును కొంచెం పెంచుతుంది. అది ఆగిపోతే ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరగడం మామూలే, ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. అందరూ పెరగరు. ఇక్కడ పరుగు నిజంగా పనికొస్తుంది. నోరు ఊరుకోనప్పుడు పునుగులు, బజ్జీల బండి బదులు వేరుశెనక్కాయలో జామకాయో జేబులో ఉండాలి. అదే రోజు నుంచి డైటింగ్ మాత్రం మొదలుపెట్టకు. రెండు యుద్ధాలు ఒకేసారి ఎవరూ గెలవరు.

నికోటిన్ గమ్ కొంటే సరిపోతుందా? అది కూడా నికోటినే కదా?

నికోటినే. కానీ పొగ లేదు, తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు. నెమ్మదిగా ఎక్కుతుంది కాబట్టి సిగరెట్ ఇచ్చినంత కిక్ ఇవ్వదు. అదే దాని గుణం.

మనవాళ్లు దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేసి, ఎక్కిళ్లు వచ్చాయని పారేస్తారు. అలా నమలకూడదు. మెల్లగా నాలుగుసార్లు నమిలి, నాలుకకు చురుక్కుమనగానే ఆపి, చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. దానికి పావుగంట ముందు నుంచీ టీ, కాఫీ, కూల్‌డ్రింకులు తాగకూడదు; తాగితే నికోటిన్ నోట్లో సరిగా ఎక్కదు. రెండు బలాల్లో దొరుకుతుంది, 2 మిల్లీగ్రాములు, 4 మిల్లీగ్రాములు. లేచిన అరగంటలోపు వెలిగించేవాళ్లకి సాధారణంగా రెండోది. చర్మం మీద అంటించే ప్యాచ్ వాడితే, ఎండలో గట్టిగా ఆడినప్పుడు నికోటిన్ మామూలు కంటే ఎక్కువ ఎక్కొచ్చు. తల తిరిగితే తీసేయాలి. వీటికి మించి వరెనిక్లైన్, బుప్రోపియాన్ లాంటి మాత్రలున్నాయి. అవి డాక్టరు రాస్తేనే. ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో ఊపిరితిత్తుల విభాగంలో గానీ మానసిక వైద్య విభాగంలో గానీ అడుగు.

ఖర్చు పెద్ద లెక్కేం కాదు కదా?

ఒకటి పదిహేను రూపాయలే అనుకుందాం, రోజుకు ఆరు. రోజుకు 90, నెలకు 2,700. బీటెక్ నాలుగేళ్లకు లక్షా ముప్పై వేలు దాటుతుంది. మీ నాన్న సెకండ్ హ్యాండ్ బండి కొనడానికి ఆలోచించిన మొత్తం అది.

కాలేజీ గేటు ఎదురుగానే అమ్ముతున్నారు. చట్టం లేదా?

ఉంది. 2003 పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం విద్యాసంస్థ నుంచి 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు, 18 ఏళ్లలోపు వాళ్లకి ఎక్కడా అమ్మకూడదు. బహిరంగ స్థలాల్లో కాల్చడంపై నిషేధం 2008 అక్టోబరు 2 నుంచి కఠినమైంది. కాలేజీ ఆవరణ కూడా ఆ లెక్కలోకే వస్తుంది, జరిమానా 200 రూపాయల దాకా. నేను పనిచేసిన ఒక కాలేజీలో బోర్డు ఉండేది, బోర్డు కిందే పీకలు ఉండేవి. చట్టం ఉన్నంత మాత్రాన ఏదీ ఆగదు. అయినా ఒక మాట: బంకు వంద గజాలు దూరం జరిగితే, బద్ధకానికి రోజుకు రెండు సిగరెట్లు తగ్గే పిల్లలు నాకు తెలుసు.

మా నాన్న పొగాకు రైతు. నా ఫీజు ఆ డబ్బే. నేనెలా తప్పు పట్టను?

కందుకూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు అడిగాడు. చాలాసేపు నేనేం మాట్లాడలేదు.

మన ప్రాంతం సంగతే అంత. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులోనే ఉంది. ప్రకాశం పల్లెల్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, వేలం కేంద్రాలు, కిలోకు రూపాయి పెరిగిందా తగ్గిందా అన్న బెంగ, ఇవన్నీ ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టాయి. మీ నాన్న చట్టప్రకారం పంట పండించి నిన్ను చదివిస్తున్నారు. ఆయన్ని తప్పుపట్టమని ఎవరూ అనలేదు. నువ్వు కాల్చకపోతే ఆయనకి ద్రోహం చేసినట్టూ కాదు.

నికోటిన్ ఏమిటో మీ ఇంట్లోవాళ్లకి నాకంటే బాగా తెలుసు. మంచుకి తడిసిన పచ్చాకు కోసినప్పుడు తల తిరగడం, వాంతులు రావడం కూలీలకి అనుభవమే. తడి ఆకు నుంచి నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగడం వల్ల అలా జరుగుతుంది. చేతికి తగిలితేనే అంత చేసేదాన్ని రోజుకు ఆరుసార్లు ఊపిరితిత్తుల్లోకి పంపుతున్నావు. వాడు ఆ మాటకి "మా అమ్మకి అలాగే అయ్యేది సార్" అన్నాడు. మానేశాడా అంటే, రెండుసార్లు మానేశాడు. మూడోది నడుస్తోంది.

ఇరవై రోజులు మానేసి, అన్నయ్య పెళ్లిలో ఒకటి కాల్చాను. మళ్లీ మొదటి నుంచేనా?

ఒకటి కాల్చావు. ఇరవై రోజులు ఎక్కడికీ పోలేదు. ప్రమాదం ఆ ఒక్కదానిలో కంటే, "ఎలాగూ పోయిందిలే" అని ప్యాకెట్ కొనడంలో ఎక్కువ ఉంది. ఎక్కడ, ఎవరితో, ఏ సమయంలో జారావో రాసుకో. పెళ్లిళ్లలో చాలావరకు మందు వెనకే వస్తుంది సిగరెట్. మొదటి రెండు మూడు నెలలు ఆ గదివైపు వెళ్లకు. నేను ఐదోసారికి మానగలిగాను. మొదటి నాలుగూ వృథా అనుకోను. ఒక్కోటి ఒక్కో బొక్క ఎక్కడుందో చూపించింది.

తొందరపడమని మాత్రం చెబుతాను. బ్రిటన్‌లో డాక్టర్ల మీద 1951లో మొదలై అర్ధ శతాబ్దం నడిచిన అధ్యయనంలో, ముప్పై ఏళ్ల వయసుకి మానేసినవాళ్లు కాల్చడం వల్ల పోయే దాదాపు పదేళ్ల ఆయుష్షును ఇంచుమించు మొత్తం తిరిగి దక్కించుకున్నారు. నీకింకా ఇరవై.

ఇంట్లో తెలియకుండా ఎవరితోనైనా మాట్లాడొచ్చా?

పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356. సిగరెట్ ప్యాకెట్ మీద, ఆ భయంకరమైన బొమ్మ పక్కనే ముద్రించి ఉంటుంది. ఎన్నిసార్లు కొన్నా ఎవరూ చదవరు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. తేదీ పెట్టించి, తర్వాత వాళ్లే మళ్లీ ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడుగుతారు. సిగరెట్ కంటే మనసు బాధే పెద్దదిగా ఉంటే టెలీ మానస్ నంబరు 14416, అది ఏ వేళప్పుడైనా.

మొదటి నంబరు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా పనిచేస్తుంది, సోమవారం సెలవు. మనవాళ్లు ఏదైనా సోమవారం నుంచి మొదలుపెడదామంటారు కాబట్టి చెబుతున్నా, ఆదివారమే చేసుకో.